తిరుపతికి వీణ తీసుకెళ్తున్న పాపకు

కడప

చిరంజీవి పాపకు అవ్వ ఆశీస్సులు.

తిరుపతి సంగీత నృత్య కళాశాలలో సీటు వచ్చిందనీ, జూన్ ఆఖరులో చేరుతున్నావనీ మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషం తల్లీ. 1959 నుంచీ ఎంతోమందిని తీర్చిదిద్దిన కాలేజీ అది, బాగా చదువుకో. పరుపు, బకెట్టు, ఊరగాయ జాడీల సంగతి మీ అమ్మ చూసుకుంటుంది. వీణ సంగతి మాత్రం నేను చెప్పాలి. బొబ్బిలి నుంచి వచ్చాక అది మీ ఇంటి గడప దాటలేదు. ఇకమీదట ప్రతి సెలవులకూ నీతోపాటు వస్తూ పోతూ ఉండాలి.

దెబ్బ తగలకుండా చూసుకొమ్మని అందరూ చెప్తారు. అది ఎలాగూ చూసుకుంటావు. నాకు భయం ఎండతోనే. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా, మన కడపలో ఆ ఎండ మృగశిర వచ్చినా ఒక పట్టాన తగ్గదు. ఈ సీమలో దెబ్బ తగిలి పగిలిన వీణలకంటే వేడికి పాడైన వీణలనే నేను ఎక్కువ చూశాను.

ఎందుకో చెప్తాను. నీ వీణ మీద 24 మెట్లున్నాయి. మెట్లు లోహానివే అయినా వాటిని పట్టి ఉంచేది మైనం. తేనె మైనంలో బొగ్గుపొడి కలిపి, మెట్లుండే పొడుగాటి మెడ, అంటే దండి పొడవునా రెండు వైపులా గట్టు కట్టి, ఒక్కొక్క మెట్టునూ చెవితో వింటూ జరుపుతూ శ్రుతికి సరిగ్గా కూర్చి మేళం కడతారు. మైనం పూర్తిగా కరగాలంటే 60 డిగ్రీలు దాటాలి. మెత్తబడటానికి అంత అక్కర్లేదు, మన మే నెల 42 డిగ్రీలకే వేలితో గట్టిగా నొక్కితే సొట్ట పడుతుంది. అద్దాలు బిగించి ఎండలో నిలిపిన కారులోనైతే లోపలి వేడి 60 దాటడం పెద్ద విషయమే కాదు.

ఒకసారి ప్రొద్దుటూరులో ఒక పెళ్ళి కచేరీకి వచ్చిన విద్వాంసురాలి వీణను డ్రైవరు డిక్కీలోనే వదిలేసి, కారును కల్యాణ మండపం బయట ఎండలో పెట్టాడు. భోజనాలయ్యాక పెట్టె తెరిచినప్పుడు నేను పక్కనే ఉన్నాను. పెట్టె మీద గీత కూడా పడలేదు. లోపల మాత్రం పై స్థాయి మెట్లు నాలుగు ఒక పక్కకు ఒరిగిపోయాయి, మైనం నూనె రాసినట్టు మెరుస్తోంది. ఆవిడ వేలు ఆనించగానే నల్లగా అంటుకుంది. మొదటి తంత్రి సారణి మీద గాంధారం మీటితే ఏ రాగానికీ చెందని స్వరం పలికింది. పాపం, ఆ సాయంత్రం ఆవిడ వీణ పక్కన పెట్టి గాత్రంతోనే కచేరీ నడిపింది. మేళం మళ్ళీ కట్టించడానికి ఎంతకాలం తిరిగిందో నాకు తెలుసు. ఆ పని తెలిసినవాళ్ళు మన జిల్లాల్లో వీధికొకరు లేరు.

అందుకని, కారులో వెళ్తే డిక్కీ మాటే వద్దు. తెల్లవారుజామున నాలుగు, ఐదు గంటలకే బయల్దేరండి. రాజంపేట, కోడూరు మీదుగా తిరుపతి నూట నలభై కిలోమీటర్లు, ఎండ ముదరక ముందే చేరిపోతారు. వెనక సీటు మీద పెట్టెను పొడవుగా పరిచి, కుండ, అంటే గుండ్రటి బోలు భాగం ఉన్న వైపు సీటు బెల్టు దూర్చి బిగించు. దండి చివర చెక్కిన, సింహంలా ఉండే యాళి ముఖం తలుపుకు తగలకుండా మధ్యలో ఒక దిండు పెట్టు. పెట్టె నల్ల రంగుదైతే మీద తెల్లటి పంచె కప్పు. ఏసీ గాలి నేరుగా పెట్టె మీదికి రాకుండా తిప్పుకోండి. దారిలో టిఫిన్‌కి ఆగితే ఒకరు కారులోనే ఉండాలి, అద్దాలు దించి, చెట్టు నీడన. "ఐదు నిమిషాలే కదా" అని మీ నాన్న అంటాడు. ఒప్పుకోవద్దు. కోడూరు దాటాక అడవిలో మలుపులున్నాయి, అక్కడ నిదానంగా పొమ్మని చెప్పు.

ఇక బయల్దేరే ముందు రోజు చేయాల్సిన పని. తంత్రులు పూర్తిగా వదులు చేయాలని కొందరు చెప్తారు. రోడ్డు మీదో రైలులోనో అర పూట ప్రయాణానికి అది వద్దు. చాలా వీణల్లో తంత్రులను మోసే గుర్రం నిలబడేదే వాటి బిగువు మీద. ఏడింటినీ ఒక్కసారిగా వదిలేస్తే గుర్రం పక్కకు జారి కుండ మీది పలకను గీరుతుంది, తర్వాత దాన్ని ఉన్నచోటే పెట్టడం నీ వల్ల కాదు. వాయించే నాలుగింటినీ, పక్కనుండే తాళం తంత్రులు మూడింటినీ సమంగా ఒకటి రెండు స్వరాలు దించు, చాలు. దించే ముందు గుర్రం కాళ్ళ చుట్టూ పెన్సిల్‌తో సన్నగా గీత గీసుకో. ఒకవేళ కదిలినా ఎక్కడుండాలో నీకు తెలుస్తుంది. గుర్రం మీది కంచు రేకుకు మెత్తటి గుడ్డ చుట్టు. మెట్ల మీద, తంత్రుల కింద పలచటి నూలు గుడ్డ ఒకటి పరిస్తే సరిపోతుంది. మందంగా కుక్కితే ఆ ఒత్తిడి మెట్ల మీద పడుతుంది.

దండి కింద బిగించే సొరకాయ బుర్రను తిప్పి ఊడదీయాలి. ఇది మర్చిపోవద్దు. దండికి బుర్ర బిగించే ఉంచి పెట్టెలో పెడితే, కుదుపులన్నీ ఆ మర దగ్గరే తగిలి అక్కడ దండి చీలుతుంది. బుర్రను పాత చీరలో చుట్టి, మూత ఉన్న పెద్ద స్టీలు డబ్బాలో పెట్టి, అది నీ చేతి సామానులో ఉంచుకో. డబ్బాలో ఖాళీ ఉంటే గుడ్డలు కూరు, లోపల బుర్ర కదలకూడదు. డబ్బా బాగుంది కదా అని మీ అమ్మ అందులో జంతికలు కూడా పెడతానంటుంది, పెట్టనివ్వకు.

పెట్టె గురించి. మీ నాన్న కొన్న ఫైబర్ పెట్టె మంచిదే. దాని లోపల వీణను గుడ్డ గవుసెనతో సహా పెట్టు. నువ్వు చూసుకోవాల్సినవి రెండున్నాయి. మొదటిది, కుండ పెట్టెలో కుదురుగా కూర్చుని, దండి మాత్రం గాలిలో వేలాడుతుంటే, ప్రతి గుంతకూ ఆ బరువంతా కుండా దండీ కలిసే చోట పడుతుంది. నీది ఒకే పనస మొద్దులో తొలిచిన వీణ కాబట్టి అక్కడ అతుకు లేదు, అయినా సన్నబడే చోటు అదే. దండి కింద రెండు మూడు చోట్ల తువ్వాలు చుట్టలు పెట్టు, చెయ్యి దూర్చి చూస్తే ఎక్కడా ఖాళీ తగలకూడదు. రెండోది మూత. మూత వేసినప్పుడు అది గుర్రం మీద ఆనుతోందా లేదా అన్నది బయటికి కనపడదు. చపాతీ పిండి ముద్ద చిన్నది తీసుకుని, కాగితంలో చుట్టి, గుర్రం మీద నిలబెట్టి, మూత నెమ్మదిగా వేసి తియ్యి. ముద్ద ఉన్నట్టే ఉంటే భయం లేదు. నలిగి అప్పడమైతే మూత లోపలి స్పాంజి ఆ మేరకు కోసేయాలి. తంత్రులు బిగించే బిరడాల దగ్గర కూడా ఇదే పరీక్ష చెయ్యి. బిరడా మీద దెబ్బ పడితే, బిరడా విరగకపోయినా దాని రంధ్రం పగలొచ్చు. అది బాగు చేయడం చాలా కష్టం.

ఎత్తేటప్పుడు ఒక చెయ్యి కుండ కింద, ఒక చెయ్యి దండి కింద. సాయం చేద్దామని వచ్చిన ప్రతివాళ్ళూ యాళి ముఖం పట్టుకునే లేపబోతారు, పట్టుకోవడానికి అందంగా ఉంటుంది కాబట్టి. మొహమాటపడకుండా వద్దని చెప్పు.

నువ్వొక్కదానివే వచ్చేటప్పుడు రైలే మేలు. కడప నుంచి తిరుపతికి మూడు గంటలు అటూ ఇటూ. రిజర్వేషన్‌లో పై బెర్త్ అడుగు. కింది బెర్త్ కింద ఈ పెట్టె పట్టదు, పట్టినా వేరేవాళ్ళ ట్రంకు పెట్టెలు, చెప్పులు, ఒలికిన నీళ్ళు అన్నీ అక్కడికే చేరతాయి. పై బెర్త్ మీద గోడ వైపు పడుకోబెట్టి, యాళి ముఖం నడిచే దారి వైపు రాకుండా తిప్పి పెట్టి, బెర్త్ గొలుసుకు తాడుతో కట్టు. బ్రేక్ వ్యాన్‌లో బుక్ చేస్తే తేలిక అని ఎవరు చెప్పినా వినకు. అక్కడ దాని మీద ఏ మోటారు సైకిల్ పెడతారో మనకు తెలియదు. మన స్టేషన్‌లో బండి రెండు మూడు నిమిషాలే ఆగుతుంది, ఎక్కేటప్పుడు టెన్షన్ పడి తొందరలో తలుపుకు కొట్టేస్తాం. ముందు నువ్వెక్కు, తర్వాత కింద ఉన్నవాళ్ళు కుండ వైపు నీకు అందించాలి. ఒంటరిగా ఒక చేత్తో పెట్టె, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని ఎప్పుడూ ఎక్కవద్దు.

బస్సు తప్పకపోతే పల్లెవెలుగు కాకుండా సూపర్ లగ్జరీ చూసుకో. కింద సామాను పెట్టే డిక్కీలో మాత్రం వద్దు, రోడ్డు వేడీ దుమ్మూ మొత్తం అక్కడే. పక్క సీటుకు కూడా టికెట్ కొనుక్కో. వీణకు టికెట్టా అని నవ్వేవాళ్ళు నవ్వుతారు. ఆ రెండొందలో మూడొందలో దండగ కాదు, మేళం కట్టించే ఖర్చుతో పోలిస్తే లెక్కలోకే రాదు. వెనక సీట్లు ఎగరేస్తాయి, ముందు వైపు తీసుకో.

ఆటోలో పెట్టెను ఒడిలో అడ్డంగా పెట్టుకుంటే చివర బయటికి పొడుచుకుని వస్తుంది. పక్కన లారీ రాసుకుపోతే ఏమవుతుందో ఊహించు. కాళ్ళ దగ్గర కుండ ఆనించి, ఏటవాలుగా లోపలికే ఉంచి పట్టుకో. స్పీడ్ బ్రేకర్ల దగ్గర మెల్లగా పొమ్మని ఎక్కేముందే చెప్పు.

విమానం సంగతి నీకు ఇప్పుడే అక్కర్లేదు. మన కడపకూ కర్నూలు దగ్గరి ఓర్వకల్లుకూ వచ్చేవి చిన్న విమానాలు. ఎప్పుడైనా తప్పనిసరైతే వీణకు ఇంకో సీటు ఇస్తారేమో ముందే కనుక్కో. సామానులో వేయాల్సి వస్తే గట్టి పెట్టె లేకుండా వేయకు, ఆ ప్రయాణానికి మాత్రం తంత్రులు ఇంకాస్త దించాలి.

హాస్టల్‌కి చేరగానే పెట్టె తెరవాలనిపిస్తుంది. ఆగు. ముఖ్యంగా ఏసీ బోగీలో వచ్చి ఉంటే, మూత తీయకుండా గది మధ్యలో ఒక గంటైనా ఉంచు, లోపలి చెక్క ఆ గది వేడికి అలవాటు పడాలి. తర్వాత శ్రుతి చేసేటప్పుడు ఒకేసారి పైకి లాగకు. ఆ రోజు సగం, మర్నాడు మిగతా సగం. బిరడా జారుతుంటే దాన్ని బయటికి తీసి కొంచెం సుద్దపొడి రాసి మళ్ళీ తోస్తే పట్టుకుంటుంది. కడప పొడి గాలికి చెక్క కుంచించుకుపోయి అలా అవుతుంది, తిరుపతి గాలికి కొంత సర్దుకుంటుంది. ఏదైనా మెట్టు ఒరిగినట్టనిపిస్తే అగ్గిపుల్ల వెలిగించి మైనం కరిగించే పని నువ్వు పెట్టుకోవద్దు. వీణను నీడన వెల్లకిలా పడుకోబెట్టి, వాయించకుండా ఉంచి, మీ మేడమ్‌కి చూపించు. మేళం కట్టేవాళ్ళు ఎవరో, ఎక్కడున్నారో వాళ్ళకు తెలిసి ఉంటుంది.

గదిలో దాన్ని ఎక్కడ పెట్టాలంటే, పడమటి గోడకు ఆనించకు, సాయంత్రానికి ఆ గోడ సెగలు కక్కుతుంది. కిటికీ ఎండ పడకూడదు. కూలర్ ముందు అసలు వద్దు. రాత్రంతా తడి గాలి తాగి చెక్క ఉబ్బుతుంది, పగలు మళ్ళీ ఎండుతుంది, నాలుగు రోజుల్లో పలక దగ్గర సన్నటి చీలిక వస్తుంది, తంత్రులు తుప్పు పడతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తిరుపతిలో వానలు బాగా ఉంటాయి, అప్పుడు వాయించడం అవగానే తంత్రులను పొడి గుడ్డతో తుడవడం ఒక్కరోజు కూడా మానవద్దు. పెట్టెను నేల మీద కాకుండా చెక్క బల్ల మీద పెట్టు, గోడకూ పెట్టెకూ జానెడు ఖాళీ ఉంచు. చెదలొస్తే కనపడాలి.

పండగలప్పుడు ఒంటిమిట్ట, తాళ్ళపాక లాంటి చోట్ల మీ కాలేజీవాళ్ళను వాయించమని పిలిస్తే సంతోషంగా పో. కానీ సాయంత్రం నాలుగింటికి గుడి బండల మీద కాలు పెట్టలేనంత వేడి ఉంటుంది. ఆ బండల మీద వట్టి చాప పరిచి వీణ పెట్టమంటే పెట్టకు. జంబుఖానా రెండు మడతలు వేయమని అడుగు. చిన్నపిల్లవైనా అడగడంలో తప్పు లేదు, వీణ నీది.

దసరా సెలవులకు ఏ బండికి వస్తున్నావో ముందే ఫోన్ చెయ్యి. మీ నాన్నకు డ్యూటీ ఉంటే మీ మామను స్టేషన్‌కి పంపిస్తాను. బోగీ నంబరు కూడా చెప్పు, దించుకోవడానికి సరిగ్గా తలుపు దగ్గర నిలబడాలి.

ఆశీస్సులతో,
మీ అవ్వ