కుక్కకి మాటిమాటికి మోషన్స్ అయితున్నయా? మా ఇంట్ల పాల క్యాలెండర్ పట్టిచ్చింది

అన్నా, మీరు అడిగింది ఎనిమిది నెలల లాబ్రడార్‌కి నెలకు రెండుమూడు సార్లు మోషన్స్ అయితున్నయి, ప్రోబయాటిక్ పౌడర్ (పేగులకు మేలు చేసే సూక్ష్మజీవులుండే పౌడర్) కొనాల్నా, పెరుగన్నం చాలదా అని గదా, ఇంట్ల పిల్లి గూడ ఉందన్నరు. నేను డాక్టర్‌ను గాదు, మాది మిర్యాలగూడ, మా కుక్క టామీగాడితోని ఏడాది పొడుగూత ఇదే తిప్పలు పడ్డ, గందుకే రాస్తున్న.

పౌడర్ సంగతి తర్వాత, ముందుగాల వాడికి ఇంట్ల ఎవలెవలు ఏం పెడుతున్నరో సూడుండ్రి. మేం గూడ ఫుడ్డు మార్చినం, మల్లొకటి మార్చినం, ఆ మార్చుడుకే ఇంకింత ఎక్కువైంది. ఆఖరికి డాక్టర్ సార్ ఏమన్నడంటే నెల రోజులు వాడు దొడ్డికి ఎట్ల పోతుండో రాసిపెట్టు అన్నడు. మా వంటింట్ల పాల లెక్క రాసే క్యాలెండర్ ఉంటది, అండ్లనే లీటరు, అర్ధలీటరు పక్కన గట్టిగుంటే 'గ', పల్చగుంటే 'ప' అని రాసిన. పాలాయన చూసి ఇదేం లెక్క అన్నా అని అడిగిండు, ఏం జెప్పాల్నో సమజ్ కాలే.

నెల అయినంక చూస్తే 'ప'లన్నీ సోమవారం, మంగళవారం గళ్లల్లనే ఉన్నయి. ఆదివారం మా తమ్ముడు మటన్ బొక్కలు, కూరల తేలిన నూనె కలిపిన బగారన్నం ఏస్తుండె. ఇగ మా నానమ్మ రోజూ చాయ్‌ల ముంచి రెండు బిస్కెట్లు. అడిగితే "నోరులేని జీవి, నా దిక్కే చూస్తది బిడ్డా" అంటది.

ఉడికిన బొక్క చీలికలైతది, పేగులకు గుచ్చుకుంటది. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ కుక్కలకైనా పిల్లులకైనా రక్తం పాడు చేస్తయి, కూరల ఉడికినయి గూడ. నూనె, కొవ్వు ఎక్కువైతే క్లోమం వాస్తది, అది మామూలు మోషన్స్ గాదు.

మేం చేసింది ఇంతే. కడుపు చెడినప్పుడు రెండు రోజులు మెత్తగ ఉడికిన అన్నం, తోలు తీసిన కోడి బ్రెస్టు, ఉప్పు కారం నూనె ఏం లేకుంట, కొంచెం కొంచెం నాలుగు సార్లు. దాంట్ల తియ్య గుమ్మడికాయ ఉడకబెట్టి పిసికి ఒక చెంచా. కుదురుకున్నంక మల్ల పాత ఫుడ్డుకి ఒక్కసారే దూకొద్దు, పావు వంతు, సగం, ముప్పావు, ఇట్ల వారం పది రోజులల్ల మార్చాలె.

పెరుగు సంగతంటే, చక్కెర ఎయ్యని పెరుగు ఒకటి రెండు చెంచాలు మావాడికి పడ్డది, పాలు మాత్రం పడలే, పెద్దగైన కుక్కలకు చానా మటుకు పాలు అరగయి. పౌడర్ డాక్టర్ రాస్తే ఎయ్యుండ్రి, మనుషుల క్యాప్సూల్స్ వద్దు, అయినా రోజూ చాయ్ బిస్కెట్ పడుతుంటే ఏ పౌడర్ ఏం చేస్తది. నట్టల మందు మూడు నెల్లకోసారి బరువు తూచి ఎయ్యాలె, అట్లనే దొడ్డి శాంపిల్ ఒకసారి పశువుల దవాఖానల చూపియ్యుండ్రి, నట్టల గుడ్లు కంటికి కనపడయి.

టీకాలు పూర్తిగ పడకపోతే మాత్రం ఆలస్యం చెయ్యకుండ్రి. కక్కుడు, నెత్తురు మోషన్స్, నీసు వాసన, మబ్బుగ పండుకునుడు ఉంటే పార్వో అనే వైరస్ రోగం కావచ్చు, అదే రోజు దవాఖానకు తీస్కపోవాలె. మెడ మీది తోలు పట్టి ఇడిచిపెడితే ఎంటనే పోకుంట ఎత్తుగనే ఉంటే ఒంట్ల నీళ్లు తగ్గినట్టు, గట్ల ఉంటే అన్నం గిన్నం అని కూసోకుండ్రి.

పిల్లి సంగతి వేరే. దానికి మాంసమే తిండి, కుక్క ఫుడ్డు పెడితే దానికి కావాల్సిన టారిన్ అనే పోషకం సాలదు, పాలన్నం గూడ వద్దు. నీళ్లు తక్కువ తాగుతది గాబట్టి గిన్నె తిండి కాడ గాక పక్క రూముల పెట్టి చూడుండ్రి, మా పిల్లి అప్పటి నుంచే తాగుతుంది. అది రెండు రోజులు ఏం తినకపోతే కాలేయంల కొవ్వు పేరుకపోవచ్చు, కుక్క లెక్క ఉపాసం ఉంచొద్దు. జొరమని పారాసెటమాల్ గోలి ఇయ్యకుండ్రి, ఒక్క గోలితోనే పిల్లి చచ్చిపోవచ్చు.

పోయినసారి మోషన్స్ అయినప్పుడు ముందు రోజు ఏం తిన్నడో, నట్టల మందు ఎప్పుడేసిండ్రో కింద రాయుండ్రి అన్నా.