పెట్టెలో దొరికిన తాతయ్య గారి ఉత్తరాలు: నా అనుభవం

మీ తాతయ్య గారు కర్ణాటక సంగీత విద్వాంసులు, యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా చేసి రిటైరయ్యారు, నెల్లూరు ఇంటి అటక మీద ఆయన ఉత్తరాల పెట్టె దొరికింది, వాటితో ఆయన జీవితం రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. సరిగ్గా ఇదే పని నేను కందుకూరులో మా నాన్న ఉత్తరాలతో చేశాను. ఆయన వయొలిన్ విద్వాంసులు. దూరాన ఒక యూనివర్సిటీలో సంగీతం చెప్పి, రిటైరయ్యాక సొంత ఇంటికి వచ్చేశారు. ఆయన పోయాక పెట్టె తెరిస్తే 400 దాకా కార్డులు, ఇన్‌లాండ్ లెటర్లు ఉన్నాయి.

పేరున్నవాళ్ళ ఉత్తరాలు ఏరి పక్కన పెట్టే పని మాత్రం చేయకండి. నేను మొదటి రోజే ఆ తప్పు చేశాను. ఏ ఏడాది ఉత్తరాలు ఆ ఏడాదికి నాన్న పురికొసతో కట్టి పెట్టారని కట్టలన్నీ విప్పేశాక గానీ అర్థం కాలేదు. తేదీ లేని కార్డులు ఏ సంవత్సరానివో తేల్చడానికి తర్వాత రెండు నెలలు పట్టింది.

అప్పుడు నన్ను ఆదుకున్నది చిరునామా. కందుకూరు 1970 దాకా నెల్లూరు జిల్లా. ఆ ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడితే అందులో కలిసింది. 1972లో ఆ జిల్లాకే ప్రకాశం అని పేరు పెట్టారు. కాబట్టి 'కందుకూరు, ఒంగోలు జిల్లా' అని ఉంటే అది ఆ రెండు మూడేళ్ళలో రాసినదే అయి ఉంటుంది. పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతది. అణాల స్టాంపు ఉన్న కార్డు దాదాపుగా 1957 ఏప్రిల్‌కి ముందుదని చెప్పుకోవచ్చు, అప్పటి నుంచి నయాపైసలు వచ్చాయి. అలవాటు కొద్దీ పాత జిల్లా పేరే రాసేవాళ్ళూ ఉంటారు, పోస్టు ముద్ర కూడా భూతద్దంతో చూడండి.

ఇక అసలు విషయం. సంగీతం వాళ్ళ ఉత్తరాల్లో మాటలతో పాటు స్వరాలూ ఉంటాయి. నాన్న దగ్గర చదువుకున్న ఒకావిడ రాసిన ఇన్‌లాండ్ లెటర్ ఒకటి నా దగ్గరుంది. ఆనందభైరవి రాగంలో ఒక సంగతి (ఒకే పంక్తిని మార్చి పాడే తీరు) స్వరాల్లో రాసి, 'ఇక్కడ ధైవతం (ద) మీద నిలవాలా, వెంటనే పంచమానికి (ప) దిగాలా, మీరు చెప్పింది మరిచిపోయాను మాస్టారూ' అని అడిగారు. నేను అన్నీ టైప్ చేయించాలని ఒక డీటీపీ షాపులో ఇచ్చాను. ఆ అబ్బాయి బుద్ధిగా, పొందికగా చేశాడు, కానీ స్వరాల మధ్య కామాలు ఎక్కువయ్యాయని తీసేశాడు. మన స్వరలిపిలో కామా అంటే ముందున్న స్వరాన్ని తాళంలో ఒక అక్షరం నిడివి సాగదీయమని, సెమికోలన్ అంటే రెండు. అవి పోతే తాళమే పోయింది. పైగా నేను ఫోన్‌లో తీసిన నలుపు తెలుపు స్కాన్‌లో 'స' మీద తారస్థాయి (పై స్థాయి) చుక్క చెరిగిపోయింది, ఇంకోచోట పురుగు కొట్టిన కన్నం చుక్కలా కనబడింది. అందుకని రంగుల్లోనే స్కాన్ చేయండి, వెనకవైపు కూడా. స్వరాలున్న ప్రతి ఉత్తరాన్నీ పాడగలిగినవాళ్ళ చేత పాడించి, అప్పుడే టైపుకి ఇవ్వండి.

సన్మానాలు, కచేరీల వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి. మనిషి తెలిసేది మిగతా ఉత్తరాల్లోనే. మద్రాసు నుంచి వయొలిన్ తీగలు పంపమని బతిమాలిన కార్డులు, ఒక కుర్రాడి మెస్ బిల్లు నాన్న కట్టినందుకు అతని తండ్రి రాసిన జాబు. త్యాగయ్య గారి పూర్వీకులది కంభం దగ్గరి కాకర్ల అని, శ్యామశాస్త్రి గారి పూర్వీకులదీ కంభం వైపేనని చెప్పుకుంటారు కదా, ఆ సంగతి మీద ఒక మిత్రుడితో నాన్నకు ఏళ్ళ తరబడి వాదం నడిచింది. చివరికి బస్సెక్కి కాకర్ల వెళ్ళి చూసొచ్చారు. ఆ కట్ట చదువుతుంటే ఆయన గొంతు విన్నట్టే ఉండేది నాకు.

గుండుసూదులు, పిన్నులు తీసేయండి, ఉప్పుగాలికి తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తాయి. సెలోటేపు, లామినేషన్ జోలికి పోవద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన దగ్గర వానలు, ఆ రోజుల్లో కట్టలు ఆరబెట్టకండి. అచ్చు వేసేముందు ఇంకో సంగతి: కాగితం మీ సొంతమే అయినా అందులోని రాతపై హక్కు రాసినవారిది, వారు లేకపోతే వారసులది. వాళ్ళను అడగాలి.

మీ పెట్టెలో ఉన్నవి ఎక్కువగా తాతయ్య గారికి వచ్చినవే అయి ఉంటాయి. ఆయన రాసినవి శిష్యుల ఇళ్ళలో ఉంటాయి. త్యాగయ్య గారి కృతులు దక్కింది కూడా శిష్యులు రాసి పెట్టుకోవడం వల్లే కదా. ఆయన శిష్యులు వాలాజాపేట వేంకటరమణ భాగవతార్ గారి ప్రతులు నేటికీ మదురైలో సౌరాష్ట్ర సభ దగ్గరున్నాయి. మా నాన్న జవాబిచ్చిన ప్రతి ఉత్తరం మూలన 'జ.రా.' (జవాబు రాశాను) అని, తేదీ వేసేవారు. ఆ ఆనందభైరవి ఇన్‌లాండ్ మీదా ఉంది. నేను కావలిలో అది రాసిన ఆవిడను వెతుక్కుంటూ వెళ్ళాను. 80 దాటాయి. బీరువాలోంచి ఒక కార్డు తెచ్చిచ్చారు. అదే తేదీ. నాన్న చేతిరాతలో ఆ సంగతి, ధైవతం పక్కన రెండు కామాలు, కింద 'ఇక్కడ తొందర వద్దమ్మా' అని. కార్డు చూడకుండానే ఆవిడ అది పాడారు. ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను.

ఆరు నెలల తర్వాత వెళ్ళి ఉంటే ఆవిడ లేరు. మీ తాతయ్య గారి శిష్యులు ఎవరున్నారో ఈ వారమే కనుక్కుని ఫోన్ చేయండి. పెట్టె ఇంకో నెల ఆగినా పరవాలేదు.