గాస్‌మీటర్ తయారు చేస్తున్న మేనకోడలికి

చి. సౌమ్యకు మామయ్య ఆశీస్సులు.

అయస్కాంత క్షేత్రం ఎంత బలంగా ఉందో గాస్‌లలో కొలిచే గాస్‌మీటర్ నువ్వే తయారు చేస్తానన్నావని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం. సోల్డరింగ్ నీకు వచ్చిందే కాబట్టి వైరింగ్ గురించి టెన్షన్ వద్దు. అది చూపించే అంకెను నమ్మాలంటే ఏం చేయాలో మాత్రం కాస్త వివరంగా రాస్తున్నాను.

షాపులో 49ఈ అనే లీనియర్ హాల్ సెన్సర్ అడుగు, అంటే అయస్కాంత క్షేత్రాన్ని బట్టి వోల్టేజి మార్చే సెన్సర్. 3144 ఇస్తే తీసుకోకు. అది అయస్కాంతం దగ్గరకొచ్చిందా లేదా అని చెప్పే స్విచ్ మాత్రమే. 49ఈ మీద అక్షరాలున్న వైపు నీకు ఎదురుగా పెట్టుకుంటే ఎడమ నుంచి వరసగా 5 వోల్టులు, గ్రౌండ్, ఔట్‌పుట్. 9 వోల్టుల బ్యాటరీ నేరుగా ఇస్తే సెన్సర్ పోతుంది, మధ్యలో దాన్ని 5 వోల్టులకు తగ్గించే 7805 రెగ్యులేటర్ తప్పనిసరి.

అయస్కాంతం దగ్గర లేనప్పుడు ఔట్‌పుట్ దాదాపు 2.5 వోల్టులు ఉంటుంది. గాస్‌కు మారేది సుమారు 1.4 మిల్లీవోల్టులే. మామూలు మల్టీమీటర్ 20 వోల్టుల రేంజ్‌లో 10 మిల్లీవోల్టుల కంటే చిన్న మార్పు చూపదు, అంటే 7 గాస్‌లు గల్లంతు. కాబట్టి 10 కిలో ఓమ్స్ మల్టీటర్న్ ప్రీసెట్ (తిప్పి మార్చుకునే రెసిస్టర్) చివరి కాళ్లు రెండూ అదే 5 వోల్టులకు, గ్రౌండ్‌కు కలుపు. మీటర్ నల్ల వైరు ప్రీసెట్ నడిమి కాలికి, ఎర్ర వైరు సెన్సర్ ఔట్‌పుట్‌కు. తిప్పి సున్నా చేసుకున్నాక 200 మిల్లీవోల్టుల రేంజ్‌కు మార్చు. ఇప్పుడు పదో వంతు గాస్ కూడా దొరుకుతుంది. అయినా భూమి క్షేత్రం మన దగ్గర 0.4 గాస్ మాత్రమే, సున్నా కాస్త జరిగినా అది అందులో కలిసిపోతుంది కాబట్టి దాన్ని కొలవడానికి ఇది సరిపోదు.

సెన్సర్‌ను వేళ్లతో పట్టుకోకు, వేడికి సున్నా జరుగుతుంది. ఐస్‌క్రీమ్ పుల్ల చివర అంటించు. ఆన్ చేశాక కాసేపు ఆగి, ఇనప బల్లకు, ఫోన్‌కు దూరంగా పెట్టి సున్నా చూసుకో. బొంబాయి కొలాబా అబ్జర్వేటరీలో భూమి అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరాలను, అక్కడ ఎలక్ట్రిక్ ట్రాములు రాబోతున్నాయనే అలీబాగ్‌కు తరలించారు. చోటు ఎంచుకోవడం కూడా కొలతలో భాగమే.

అన్నిటికంటే ముఖ్యం కాలిబ్రేషన్, అంటే ముందే తెలిసిన క్షేత్రంతో మీటర్‌ను సరిచూసుకోవడం. మోటార్ వైండింగ్ షాపులో 26 గేజి ఎనామిల్ వైరు తెచ్చి, 20 మిల్లీమీటర్ల కరెంటు పైపు మీద 10 సెంటీమీటర్ల పొడవున 200 చుట్లు చుట్టు. 0.8 ఆంపియర్ కరెంటు పంపితే లోపల మధ్యలో దాదాపు 20 గాస్‌లు వస్తాయి. సెన్సర్ ముఖం పైపు పొడవుకు అడ్డంగా ఉండాలి, లేకపోతే తక్కువ చూపిస్తుంది. రీడింగ్ రాసుకుని, కరెంటు దిశ మార్చి మళ్లీ చూడు. రెండు రీడింగుల తేడాలో సగమే అసలు విలువ. సున్నాలో మిగిలిన తప్పు అక్కడే పోతుంది. కాయిల్ వేడెక్కకముందే కరెంటు ఆపేయి.

గాస్‌కు ఎన్ని మిల్లీవోల్టులో డబ్బా మీద రాసి అంటించు. గట్టి నియోడిమియమ్ అయస్కాంతాన్ని ఆనించి కొలవకు, వెయ్యి గాస్‌లు దాటితే ఇది చెప్పే అంకె నిజం కాదు. నీ సెన్సర్‌కు ఎంత వచ్చిందో నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ మామయ్య