ఇద్దరిలో ఒకరే మిగిలిన ఇంటికి కూడా వెళ్లండి

కవలలున్న కుటుంబాలను ఆరోగ్య సర్వేకు ఒప్పించడం ఎలాగని ఒక పరిశోధక విద్యార్థిని ఇక్కడ అడిగారు. ఆరేళ్ల కవల మగపిల్లల తల్లిగా, అలాంటి సర్వేలో ఒకసారి చేరిన అనుభవంతో ఈ జవాబు రాస్తున్నాను.

మా పిల్లలకు రెండేళ్లప్పుడు సర్వే అమ్మాయి మిట్టమధ్యాహ్నం వచ్చింది. ఒకణ్ణి అప్పుడే నిద్రపుచ్చి, రెండోవాడికి అన్నం తినిపిస్తున్నాను. తూకం వేస్తాననగానే దిష్టి తగులుతుందని మా అత్తగారు అడ్డుపడ్డారు. ఆ అమ్మాయి వాదించకుండా వెళ్లిపోయి, ఆదివారం సాయంత్రం మా అంగన్‌వాడీ టీచరును వెంటబెట్టుకుని వచ్చింది. ఈసారి అత్తగారే మనవలను ఎత్తి తూకం మీద నిలబెట్టారు. కవలల తల్లులకు ఏ వేళ తీరిక ఉంటుందో కనుక్కోకుండా, ఇంగ్లీషు ఫారంతో వచ్చేవారికి తలుపులు తెరుచుకోకపోతే తప్పు తల్లులది కాదు.

కాన్పులో మాయలు (ప్లాసెంటాలు) రెండున్నాయి కాబట్టి మావాళ్లు ఏకరూప కవలలు, అంటే ఒకే అండం నుంచి పుట్టినవాళ్లు, కారని నేను గట్టిగా చెప్పాను. ఏకరూప కవలల్లోనూ సుమారు మూడో వంతు మందికి మాయలు వేరుగా ఉంటాయని, చెంప లోపలి నుంచి దూదిపుల్లతో తీసిన నమూనాకు డీఎన్‌ఏ పరీక్ష చేస్తే నిజం తేలుతుందని ఆ అమ్మాయి ఓపికగా వివరించింది. సర్వే మీద నాకు నమ్మకం కుదిరింది అప్పుడే. ఏడేళ్లు నిండిన పిల్లల సమ్మతి కూడా తీసుకోవాలని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి; ఆ వయసు వచ్చాక ఆ సమ్మతిని మావాళ్లను విడివిడిగా అడగాలి తప్ప, ఒకడు తలూపితే ఇద్దరూ ఒప్పుకున్నట్లు రాసుకోకూడదు.

వెళ్తూ వెళ్తూ, తెలిసిన కవలలు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగితే మా వెనక వీధిలోని ఒకావిడ ఇల్లు చూపించాను. నెలలు నిండకముందే పుట్టిన ఆమె ఆడపిల్లల్లో ఒకరు పన్నెండో రోజున పోయారు. ఇద్దరూ ఉంటేనే లెక్కలోకి వస్తారని చెప్పి, ఆ ఇంటిని రాసుకోకుండా ఆ సర్వే అమ్మాయి వెళ్లిపోయింది. ఈ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది. స్వచ్ఛందంగా చేరే కవలల్లో మూడింట రెండు వంతులు స్త్రీలు, మూడింట రెండు వంతులు ఏకరూప కవలలు ఉంటారన్న ధోరణిని పరిశోధకులు 1987లోనే చర్చించారు. సులువుగా దొరికినవారినే లెక్కిస్తూ, బిడ్డను పోగొట్టుకున్న ఇళ్లను వదిలేస్తే కవలల ఆరోగ్యం ఉన్నదానికంటే మెరుగ్గా కనిపించక ఏమవుతుంది?

కాబట్టి ఇప్పుడు ఎంతమంది ఉన్నారని అడిగే ముందు, కాన్పులో ఎంతమంది పుట్టారని అడగండి. ఆస్పత్రిలో పిల్లల చేతులకు కట్టిన రెండు ట్యాగులనూ ఆ వెనక వీధి ఆవిడ డిశ్చార్జి కాగితాలతోపాటు బీరువాలో దాచుకుంది. అడిగి ఉంటే రెండూ తీసి చూపించేది.