మందులు మింగడం అవిశ్వాసమని బోధిస్తున్న తమ్ముణ్ణి సంఘంలో అందరి ముందు ఖండించాలా?

వందనాలు అన్నా. మీ సంఘంలో యూత్‌ను నడిపించే తమ్ముడు గృహ కూడికల్లో "విశ్వాసముంటే బిళ్ల మింగకూడదు" అని చెబుతున్నాడు, ఆ మాట విని ఒక అక్క బీపీ బిళ్లలు మానేసింది, ఆదివారం ఆరాధనలోనే లేచి ఖండించమని కొందరు పెద్దలు పట్టుబడుతున్నారు, అట్లా చేస్తే అతనూ అతని వెంట ఉన్న పిల్లలూ వెళ్లిపోతారేమోనని మీకు దిగులుగా ఉంది. మీ ప్రశ్న ఇదే కదా.

ముందు ఆ అక్క సంగతి చూడండి. సిద్ధాంతం తేలేదాకా అది ఆగదు. బీపీ మందు ఉన్నట్టుండి మానేస్తే పక్షవాతం దాకా రావచ్చు. పాస్టరు గారి భార్యను వెంటబెట్టుకుని ఈ రోజే వాళ్లింటికి వెళ్లండి. ఊళ్లో నర్సమ్మ చేత బీపీ చూపించి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ప్రార్థన చేసే వెళ్లండి, ప్రార్థన చేసుకునే బిళ్ల వేసుకోమనండి. ఆమెను మాత్రం మందలించవద్దు. దేవుణ్ణి నమ్మే మానేసింది, పాపం.

మాది సింగరాయకొండ వైపు పల్లె, బాప్టిస్టు సంఘం. నేను సంఘ పెద్దల్లో ఒకణ్ణి. ఇదే బోధ మా దగ్గరా వచ్చింది. చెప్పిన తమ్ముడు చెడ్డవాడు కాదు. ఉపవాస ప్రార్థనకు అందరికంటే ముందొచ్చి చాపలు పరిచేవాడు. వాళ్ల చిన్నబిడ్డకు జ్వరం ముదిరి ఇక ఆశ లేదనుకున్న రాత్రి ప్రార్థన చేస్తే తెల్లారేసరికి తగ్గింది. సంఘంలో సాక్ష్యం చెప్పాడు, అందరం స్తుతించాం. తర్వాత ఫోన్లో ప్రసంగాలు వింటూ వింటూ ఆ సాక్ష్యమే అందరూ పాటించాల్సిన రూలుగా మారిపోయింది. "నాకు చేసిన దేవుడు నీకు చేయడా? చేయలేదంటే నీ విశ్వాసమే తక్కువ" అనేదాకా వచ్చాడు.

మాట్లాడటానికి వెళ్లినప్పుడు నాకు అర్థమైంది ఒకటే. అతను కాపాడుకుంటున్నది సిద్ధాంతాన్ని కాదు, ఆ రాత్రిని. మందులు తప్పు కాదని ఒప్పుకుంటే, బిడ్డను దేవుడు ముట్టలేదని ఒప్పుకున్నట్టేనని అతని భయం. అందుకే పాస్టరు గారు మొదట అన్న మాట ఇది: "నీ బిడ్డను దేవుడే బాగు చేశాడబ్బయ్యా. అందులో నాకు అనుమానం లేదు. ఆయన నీకు చేసినట్టే అందరికీ చేయాలని నువ్వెట్టా కట్టడి చేస్తావు?" అప్పటిదాకా బిగుసుకుని కూర్చున్నవాడు కాస్త మెత్తబడ్డాడు. మీరు వెళ్లినా, ఖండన కంటే ముందు అతనికి జరిగిన మేలును ఒప్పుకోండి. అది నిజం కూడా.

వచనాలు అతన్నే తియ్యమన్నాం. మనం తీసి మీద వేస్తే వాదన అవుతుంది. అతను తీసింది ఆసా రాజు సంగతి, రెండవ దినవృత్తాంతములు 16వ అధ్యాయం. పాదాల్లో జబ్బు చేస్తే యెహోవా దగ్గర విచారించకుండా వైద్యులను పట్టుకున్నాడని రాసి ఉంటుంది. మందులు వద్దనేవాళ్లకు ఇంతకు మించిన వచనం లేదు, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. అధ్యాయం మొదటి నుంచి చదివాం. అప్పటికే ఆ రాజు సిరియా రాజును నమ్ముకున్నాడు, అది తప్పని చెప్పిన ప్రవక్త హనానీని చెరసాల్లో వేయించాడు. దేవుడి మాటే వద్దనుకున్న మనిషి జబ్బులోనూ ఆయన్ని అడగలేదు. వైద్యుడి దగ్గరికి పోవడం కాదు అక్కడ తప్పు. తర్వాత యెషయా 38 తీశాం. జబ్బు పడ్డ యూదా రాజు హిజ్కియాకు దేవుడే పదిహేనేళ్లు ఆయుష్షు పెంచానన్నాడు. అయినా అంజూరపు పండ్ల ముద్ద పుండుకు కట్టమని చెప్పింది యెషయా ప్రవక్తే. వాగ్దానం ఉంది, కట్టు కూడా ఉంది. ఆ తమ్ముడు ఆ పేజీ మీద వేలు పెట్టుకుని చాలాసేపు ఏం మాట్లాడలేదు. తిమోతి కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని పౌలు ఇచ్చిన సలహా, తన సహచరుడు త్రోఫిమును మిలేతులో జబ్బుతోనే విడిచిరావడం, వైద్యుడైన లూకా, ఇవన్నీ తర్వాత అతనే వెతుక్కున్నాడు.

మీ పెద్దలు "పౌలు పేతురును అందరి ఎదుటా నిలదీయలేదా?" అంటారు. మా దగ్గరా అన్నారు. నిలదీశాడు, గలతీ రెండో అధ్యాయంలో ఉంది. కానీ పేతురు తెలియక చేయలేదు. సత్యం తెలిసీ మనుషులకు జడిసి అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్లతో, భోజనం మానేశాడు. మీ తమ్ముడికి ఇంకా తెలియదు. అతనికి సరిపోయేది తొలి సంఘంలో బోధకుడైన అపొల్లో సంగతి. యోహాను బాప్తిస్మం ఒక్కటే తెలిసి ఆసక్తితో బోధిస్తుంటే అకుల, ప్రిస్కిల్ల అతన్ని చేర్చుకుని దేవుని మార్గాన్ని ఇంకా పూర్తిగా వివరించారు. భార్యాభర్తలు ఇద్దరూ చెప్పారు, గమనించండి. అందుకే మేం ఆ తమ్ముడి భార్యనూ కూర్చోబెట్టుకున్నాం. ఇంట్లో బిడ్డకు మళ్లీ జ్వరమొస్తే మందు తాగించాలా వద్దా అన్న బరువు మోసేది ఆ తల్లే. తర్వాత అపొల్లో అకయకు వెళ్తానంటే సహోదరులు అతన్ని చేర్చుకోమని ఉత్తరం రాసి పంపారు. మన దిద్దుబాటు కూడా అట్లా ముగియాలని నా ఆశ.

కాబట్టి మనిషితో చాటున మాట్లాడండి, బోధను మాత్రం బాహాటంగా సరిచేయండి. బోధ నలుగురిలోకీ పోయింది గనుక సంఘానికి సరైన మాట వినిపించాల్సిందే. పాస్టరు గారు బుధవారం బైబిల్ స్టడీలో హిజ్కియా భాగం చెప్పారు, ఎవరి పేరూ ఎత్తలేదు. చివర్లో మా సంఘంలో ఒక పెద్దమ్మ లేచి ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర సంగతి చెప్పింది. 1877 ధాత కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వే కాంట్రాక్టు తీసుకుని మన వాళ్లకు కూలి చూపించాడు. తిండి కోసం సంఘంలో కలిశారన్న మాట రాకూడదని కరువు సాయం సాగినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపాడు. ఆ తర్వాతే 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది నీళ్లలో దిగారు. "అంత విశ్వాసమున్నోళ్లు, ఆకలైతే ప్రార్థన చేసుకోండి చాలు అన్నారా? ఒంగోల్లో ఆయన పేరున ఆసుపత్రి ఎందుకు కట్టారు మరి?" అంది. మా అందరి మాటల కంటే ఆమె మాటే యూత్ పిల్లలకు బాగా ఎక్కింది.

ఇంకొకటి, ఎవరికైనా నొప్పి కలిగినా చెప్పాలి. మన వైపు సంఘాల్లో సిద్ధాంతం పేరుతో మొదలయ్యే గొడవల్లో కొన్ని కమిటీ ఎన్నికల గొడవలే. ఖండించమని తొందరపెట్టే పెద్దల్లో ఎవరికైనా ఆ తమ్ముడి ఇంటితో పాత పంతం ఉందేమో చూసుకోండి. ఉంటే ఆ పెద్ద ఈ పనికి వెళ్లకూడదు, ఎంత వాక్యం తెలిసినవాడైనా సరే. సంఘం వాట్సాప్ గ్రూపులో మాత్రం ఒక్క ముక్క కూడా రాయవద్దు.

మా తమ్ముడు ఒక్కసారికి మారలేదు. మధ్యలో కొన్ని ఆదివారాలు గుడికే రాలేదు. అప్పుడు అతని ఇంటికి వెళ్లి బోధ ఊసెత్తకుండా కాఫీ తాగి వచ్చేవాళ్లం. వాక్యం చెప్పే బాధ్యత కొన్నాళ్లు ఆపాం, కారణం అతని ముఖం మీదే చెప్పాం. ప్రభు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆరాధనకు మాత్రం దూరం పెట్టలేదు. ఇప్పటికీ తన జ్వరానికి తను బిళ్ల వేసుకోడు. అది అతని ఇష్టం, వదిలేశాం. కానీ ఇంకొకరికి మానమని చెప్పడు, బిడ్డను ఆసుపత్రికి తీసుకుపోతాడు.

మీ తమ్ముడు విననంటే తీతుకు రాసిన పత్రికలో ఒకటి రెండుసార్లు బుద్ధి చెప్పమని ఉంది, ఆ దారి ఉంది. ఎవరి ప్రాణమైనా ఆపదలో ఉంటే మాత్రం, అతను ఒప్పుకునేదాకా ఆగకుండా కూడికల్లో బోధించడం వెంటనే ఆపించండి. ఆపిన రోజు సాయంత్రమే పాస్టరు గారూ మీరూ అతని ఇంటికి వెళ్లండి.