అంతర్వేది మొగ: యాప్ బాగుందంటున్నా అలలు ఎందుకు కూలిపోతున్నాయి?

మీటరున్నర అల, గాలి తక్కువ అని అలల యాప్ చూపించినా, అంతర్వేది మొగలో, అంటే గోదారి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర, అలలు నిలువుగా లేచి ఒక్కసారే కూలుతున్నాయని సర్ఫింగ్‌కి వెళ్లేవాళ్లు అడుగుతున్నారు. చాలావరకు కారణం ఆటు, అంటే సముద్రపు నీరు వెనక్కి తగ్గే వేళ. అప్పుడు బయటికి పరుగెత్తే వశిష్ఠ (ఇక్కడి గోదారి పాయ) నీరు ఎదురొచ్చే అలను దగ్గరికి నొక్కి నిలబెట్టేస్తుంది. యాప్ ఇచ్చేది సముద్రం లెక్క, అందులో గోదారి లేదు.

1. ముందు ధవళేశ్వరం బ్యారేజీ నుంచి ఎంత నీరు వదులుతున్నారో చూడండి. చాలామంది వదిలేసేది ఇదే. మొదటి ప్రమాద హెచ్చరిక 10 లక్షల క్యూసెక్కులకు ఇస్తారు, కానీ మనం అంతదాకా ఆగకూడదు. ఎర్రనీరు, కొట్టుకొచ్చే దుంగలు కనిపిస్తే ఆ రోజు బోర్డు బయటికి తీయొద్దు, ఎంత అనుభవం ఉన్నా సరే. వరద తగ్గాక ఇసుక మేటలు జరిగిపోతాయి కాబట్టి పాత గుర్తులు నమ్మకండి.

2. ఆటుపోట్ల పట్టిక నీటి ఎత్తు చెబుతుంది, ప్రవాహం కాదు. ఆటు ముగిసిందని రాసిన వేళ దాటాక కూడా మొగలో నీరు కాసేపు బయటికే లాగుతుంది. ఒడ్డున నిలబడి నురుగు, గుర్రపుడెక్క ఎటు పోతున్నాయో చూడండి. అవి నది లోపలికి తిరిగాకే దిగండి.

3. ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర సంస్థ) వాళ్ల ఎత్తైన అలల హెచ్చరిక ఉంటే మానేయండి. లేకపోతే పొద్దున్నే, నేల మీంచి సముద్రం వైపు గాలి వీస్తున్నప్పుడు వెళ్లండి.

వేట బోట్లు వచ్చే దారికి మాత్రం దూరంగా ఉండండి. నీరు సముద్రంలోకి లాగితే ఎదురీదొద్దు, అడ్డంగా మేట వైపు రండి.