డాక్టర్ గారి గురించి రాస్తున్న అమ్మాయికి

నల్లకుంట, హైదరాబాద్

అమ్మా,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. స్కిజోఫ్రేనియా మీద, జ్ఞాపకమూ ఆలోచనా క్రమంగా తగ్గిపోయే డిమెన్షియా మీద జీవితమంతా పరిశోధన చేసి రిటైరైన సైకియాట్రిస్టు గురించి రాయాలని నీకు తోచడమే నాకు సంతోషం. కానీ మొదటి రెండు పేజీల నిండా ఆయన డిగ్రీలు, పదవులు, సన్మానాలే. మూడో పేజీకి గానీ ఒక్క రోగీ కనిపించలేదు. ఆ రెండు పేజీలూ నాలుగు వాక్యాలకు కుదించు. ఆయన ఇన్నేళ్లూ ఎదురుగా కూర్చున్న మనిషి మాట విని, అన్నది అన్నట్టు రాసుకున్నారు. నువ్వు రాయాల్సింది అది.

డిమెన్షియాలో ఒక రకమైన ఆల్జైమర్ వ్యాధి మీద పరిశోధన మొదలైందే అలా. 1901 నవంబర్‌లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆస్పత్రిలో ఆలోయిస్ ఆల్జైమర్ అనే డాక్టర్, 51 ఏళ్ల ఆగస్టె డెటర్‌ని పేరు అడిగాడు. "ఆగస్టె" అంది. ఇంటిపేరు? "ఆగస్టె." మీవారి పేరు? "ఆగస్టె అనుకుంటా." మధ్యాహ్నం ఆమె కాలీఫ్లవర్, పంది మాంసం తింటుంటే, ఏం తింటున్నారని అడిగాడు. "పాలకూర" అంది. ఇవన్నీ ఆయన పూసగుచ్చినట్టు రాసిపెట్టాడు. "మతి పోయింది" అని ఒక్క ముక్కతో తేల్చేయలేదు. 1906లో ఆమె చనిపోయాక మెదడును మైక్రోస్కోపు కింద పరీక్షించి, ఆ ఏడాదే టూబింగెన్ ఊళ్లో తాను చూసింది డాక్టర్ల ముందు చెప్పాడు. ఆ కేస్ షీటు 1995లో మళ్లీ బయటపడింది. ఇప్పటికీ ఆ పాలకూర దగ్గరికి వచ్చేసరికి నాకు గొంతు పూడుకుపోతుంది.

నీ వ్యాసంలో ఒక తప్పుంది, అది దిద్దాల్సిందే. స్కిజోఫ్రేనియా అంటే "ఒకే మనిషిలో ఇద్దరు" అని రాశావు. సినిమాలు చూసి చాలామందికి పట్టుకున్న పొరపాటు అది. జర్మనీలో క్రేపెలిన్ అనే సైకియాట్రిస్టు ఈ జబ్బును డిమెన్షియా ప్రీకాక్స్ అనేవాడు, అంటే చిన్న వయసులోనే ముంచుకొచ్చే మతిక్షీణత. అందరికీ చిన్నప్పుడే రాదు, అందరి మతీ క్షీణించదు, ఆ పేరు సరికాదని 1908లో స్విట్జర్లాండ్ డాక్టర్ బ్లాయిలర్ స్కిజోఫ్రేనియా అనే మాట తెచ్చాడు. ఆలోచనకూ భావానికీ పొంతన తప్పుతుందని దాని భావం. మనిషి ఇద్దరైపోవడం కాదు. ఇంకో సంగతి: 1910లో ఆల్జైమర్ వ్యాధికి ఆ పేరు పెట్టిందీ ఈ క్రేపెలినే. ఒకే డాక్టర్ ఈ రెంటినీ ఎందుకు పట్టుకున్నారని అడిగావు కదా, తీగ అక్కడ దొరుకుతుంది. ఒక దాని కోసం ఇరవై ఏళ్ల కొడుకును తల్లి తీసుకొస్తుంది, ఇంకో దాని కోసం డెబ్బై ఏళ్ల తల్లిని కొడుకు తీసుకొస్తాడు. రెండు చోట్లా వాళ్లు ముందుగా అడిగేది, "మళ్లీ మామూలు మనిషవుతారా డాక్టర్ గారూ?" అనే.

"పిచ్చి" అనే మాట తీసెయ్. మన ఊళ్లో మానసిక ఆస్పత్రి ఉన్న ఎర్రగడ్డ అనే పేరే తిట్టయిపోయింది. అక్కడికి మందుల కోసం వెళ్లి, బస్సెక్కి ఇంటికి తిరిగొచ్చే మనిషి నీ వ్యాసం చదవొచ్చు. ఆ మనిషిని దృష్టిలో పెట్టుకుని రాయి.

మా అమ్మ సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. ఒకరోజు పొద్దున వాకిట్లో చుక్కలన్నీ వరసగా పెట్టింది. వాటిని ఎలా కలపాలో తెలియక, గుప్పిట్లో పిండి పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. పిండి వేళ్ల సందుల్లోంచి కారిపోతోంది. మేం చాదస్తం అన్నాం. ఏడాదిన్నర పాటు అదే మాట అన్నాం. డాక్టర్ మతిమరుపు పరీక్ష కోసం అమ్మను గడియారం బొమ్మ గీయమన్నప్పుడు గానీ నాకు ఆ ముగ్గు అర్థం కాలేదు. నీ వ్యాసంలో అలాంటి ముగ్గు ఒక్కటైనా ఉండాలి.

హైదరాబాద్ గురించి రాసేటప్పుడు చార్మినార్, బిర్యానీ అక్కర్లేదు. ఇక్కడి మనుషుల భాషల గురించి రాయి. ఇక్కడి నిమ్స్ ఆస్పత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు చూసి 2013లో ప్రచురించింది. ఒకే భాష వచ్చినవాళ్ల కంటే, రెండు అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువురాని వాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ మాట్లాడే ఊరు కాబట్టే ఈ ప్రశ్న ఇక్కడ అడగడానికి వీలైంది. అయితే రెండో భాష నేర్చుకుంటే జబ్బు రాదని మాత్రం రాయకు. వాళ్లూ అలా అనలేదు.

రోగుల పేర్లు, పేటలు, ఫొటోలు వద్దు. 2017 మానసిక ఆరోగ్య చట్టం కూడా రోగి ఒప్పుకోకుండా వివరాలు బయటపెట్టొద్దంటుంది. చట్టం లేకపోయినా నేను వద్దనే చెబుతాను.

ఆదివారం ఆయన్ని కలుస్తున్నావుగా. రోగులు వాళ్ల నోటితో అన్న మాటల్ని ఇంగ్లీషులో రాసుకునేవారా, తెలుగులోనేనా అని అడుగు. పేర్లు లేకుండా ఒకటి రెండు చదివి వినిపించమను. మధ్యలో ఆయన ఆగితే తొందరపెట్టకు, కాసేపు ఊరికే కూర్చో.

ఆశీస్సులతో,
మీ మాస్టారు